పబ్లిక్ డొమైన్ కోడ్ వాడితే మిగతా సొమ్ము ఆపేయవచ్చా?

ప్రశ్న: మందుల దుకాణాలున్న ఒక వ్యాపారికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి 2023 ఆగస్టులో అప్పగించాను. డేటాబేస్‌కు ఎస్‌క్యూలైట్, బార్‌కోడ్ భాగానికి ఇంటర్నెట్‌లో దొరికిన కోడ్ వాడాను. రెండూ పబ్లిక్ డొమైన్‌వే, అంటే ఎవరి కాపీరైట్ లేనివే. ‘కాపీ కొట్టావు’ అంటూ ఆయన మిగతా 4,50,000 రూపాయలు ఆపేశారు. అమ్మ నగలు తాకట్టులో ఉన్నాయి. నేను చేసింది నేరమా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తాకట్టు సంగతి కోర్టు అడగదు, మీరు జతపరచిన ఒప్పందంలోని 7వ క్లాజు అడుగుతుంది. ‘సోర్స్ కోడ్ మొత్తం నా స్వంత రచన, దానిపై కాపీరైట్‌ను పూర్తిగా బదలాయిస్తున్నాను’ అని మీరు సంతకం చేశారు. పబ్లిక్ డొమైన్ కోడ్ వాడడం నేరం కాదు. కానీ ఎవరి సొత్తూ కానిదానిని మీరు బదలాయించలేరు గనుక, ఆ మేరకు మాట తప్పినవారు మీరే. సాఫ్ట్‌వేర్‌ను అక్షరం అక్షరం సరిచూసుకునే మీరు రెండు పేజీల ఒప్పందం చదవకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం.

పైగా ఆ రెండు కోడ్‌లూ ఒకటి కావు. ఎస్‌క్యూలైట్ రచయితలు హక్కులు వదులుకుంటున్నట్లు లిఖితపూర్వకంగా ప్రకటించి, ఆ పత్రాలను భద్రపరిచారు. బార్‌కోడ్ కోడ్‌కు అలాంటిదేముంది? 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచనే. రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 21వ సెక్షన్ ప్రకారం రచయిత కాపీరైట్ రిజిస్ట్రార్‌కు నోటీసు ద్వారానో బహిరంగ ప్రకటన ద్వారానో దానిని వదులుకోవాలి. ఉచితంగా దొరకడం వదులుకోవడం కాదు. ఆ ప్రకటన కాపీ, డౌన్‌లోడ్ చేసిన తేదీ చూపగలరా అన్నదే ప్రశ్న.

ఆ కోడ్‌లో వేరియబుల్ పేర్లు మార్చి, కామెంట్లు చెరిపి ‘అంతా నేనే రాశాను’ అనాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద నేరానికి ‘తెలిసి’ చేయడం ముఖ్యం; ఆ సాక్ష్యాన్ని మీరే తయారుచేసి ఇచ్చినట్లవుతుంది.

చేసిన పనికి ప్రతిఫలం కోరే దావాకు, చెల్లింపు గడువు వేరుగా రాసుకోకపోతే, పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లే గడువు. అంటే 2026 ఆగస్టుతో కాలదోషం పడుతుంది, ఆ తర్వాత దావా చెల్లదు. ఫోన్‌లో ‘వచ్చే నెల ఇస్తాను’ అన్న మాటలు దానిని పొడిగించవు. బార్‌కోడ్ భాగాన్ని, పాత కోడ్ తెరవకుండా, స్వంతంగా తిరగరాసి అప్పగించండి. ఎస్‌క్యూలైట్‌ను బదలాయింపు నుంచి మినహాయిస్తూ సవరణ పత్రం పంపండి. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం ఆయన తనకు నిజంగా కలిగిన నష్టాన్నే రుజువు చేసి కోరగలరు, మొత్తం సొమ్మును దిగమింగలేరు. రావలసిన సొమ్ము 3 లక్షల రూపాయలు దాటింది గనుక ఇది వాణిజ్య కోర్టు విచారించే వివాదం. అత్యవసర ఉత్తర్వులు కోరకపోతే ముందుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. ఆ కాలాన్ని గడువు నుంచి మినహాయిస్తారు, అయితే దరఖాస్తు గడువు లోపలే పడాలి. ఈమెయిళ్లను, కోడ్‌లో ఎప్పుడేం మార్చారో చూపే చరిత్రను, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి అవసరమైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రంతో సహా వెంటనే మీ న్యాయవాదికి అప్పగించండి.