స్క్రీనింగ్‌లో 11 వస్తే చదువు రానట్టేనా?

ప్రశ్న: మాది కావలి. మా బాబుకి 5 ఏళ్ల 2 నెలలు. యూకేజీకి ముందు స్కూల్లో ‘రెడీనెస్ స్క్రీనింగ్’ (చదువుకు సిద్ధమేనా అని చూసే పరీక్ష) పెట్టి 30కి 11 వచ్చాయన్నారు. చదువులో వెనకబడతాడు, అల్లరీ ఎక్కువవుతుంది, మళ్లీ ఎల్‌కేజీలోనే వేయండంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులు పోయాయో ఆ షీటు అడిగి తీసుకోండమ్మా. ఉత్త 11తో ఏదీ తేలదు. కొత్త టీచరు ఇంగ్లిష్‌లో అడిగితే నోరు విప్పని పిలకాయలు చాలామంది. అవే ప్రశ్నలు తెలిసిన మనిషితో, తెలుగులో, పొద్దున పూట మళ్లీ అడిగించండి.

ఇక స్కూలువాళ్లు చెప్పిన జోస్యం సంగతి. అమెరికాలో లా పారో, పియాంటా అనే పరిశోధకులు 2000లో 70 అధ్యయనాలను కలిపి చూశారు. ఒకటి, రెండు తరగతులకొచ్చేసరికి పిల్లల చదువుల్లో కనిపించే తేడాలో ఇలాంటి తొలి పరీక్షలు చెప్పగలిగింది దాదాపు నాలుగో వంతే. ప్రవర్తనలో అయితే పదో వంతుకు మించలేదు. కాబట్టి అల్లరి మాట వదిలేయండి.

2007లో డంకన్ అనే పరిశోధకుడి బృందం ఆరు దీర్ఘకాల అధ్యయనాలు పరిశీలిస్తే, తర్వాతి చదువుకు అన్నిటికన్నా గట్టి సూచనగా తేలింది చిన్ననాటి లెక్కల అవగాహన. ఆ తర్వాతే చదవడం, ధ్యాస. అందుకే షీటులో లెక్కల భాగం చూడండి. వందదాకా ఒప్పజెప్పడం లెక్క రావడం కాదు. పది చింతపిక్కలు పోసి ‘ఏడు ఇవ్వు’ అనండి. ఏడు దగ్గర ఆగకుండా పిడికెడు తీసి పెడితే, అంకెల పేర్లు వచ్చాయి గానీ లెక్క రాలేదని అర్థం. దీనికి ట్యూషన్ వద్దు, రోజూ 15 నిమిషాలు వామనగుంటలు ఆడించండి. గుంటకొక పిక్క వేసుకుంటూ పోవడమే అసలు సాధన. ముందు గుంటకు రెండు మూడు పిక్కలతో మొదలుపెట్టండి, ఎక్కువైతే విసుగొస్తుంది. మాటలకైతే ‘ప-ల-క’ అని చప్పట్లు కొడుతూ విడదీయించండి.

చెవి, కన్ను తప్పక చూపించండి. తరచూ జలుబు చేసే పిల్లల చెవిలో ఒక్కోసారి నీరు చేరి మాటలు సరిగా వినపడవు, టీచరు దాన్నే ‘ధ్యాస లేదు’ అని రాయొచ్చు. ‘చెప్పులు విప్పి, నీళ్లు తే’ లాంటి రెండు పనులు ఒకేసారి చెబితే వరసగా చేయలేకపోయినా, బయటివాళ్లకు మాట అర్థం కాకపోయినా పిల్లల డాక్టరును కలవండి.

ఎల్‌కేజీ మళ్లీ వద్దు. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలి. ఇప్పుడు యూకేజీలో వేస్తే వచ్చే ఏడాదికి సరిగ్గా సరిపోతుంది. స్కూలువాళ్లు ఒప్పుకోకపోతే, మూడు నెలల తర్వాత అదే షీటుతో మళ్లీ చూడమని కాగితం మీద రాసివ్వండి.