కొత్త టీచరుగారూ, ఆ సంతకం పెట్టకండి

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మెగా డీఎస్సీ-2025లో స్కూల్ అసిస్టెంట్ (ఫిజికల్ సైన్స్)గా ఎంపికై జడ్పీ హైస్కూల్లో చేరాను. జీతం చేతికి 54 వేలు వస్తోంది. బీఈడీకి, కోచింగ్‌కి నాన్న 2 రూపాయల వడ్డీకి తెచ్చిన 2 లక్షల అప్పుంది. బ్యాంకువాళ్లు 8 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. కారు కొని, మిగిలింది ప్లాటుకు అడ్వాన్సు ఇద్దామనుకుంటున్నా. ఒక సీనియర్ సార్ తన చీటీకి ష్యూరిటీ సంతకం అడిగారు. పెట్టొచ్చా?

జవాబు: సంతకం వద్దు, 8 లక్షలూ వద్దు. డీఎస్సీ కొట్టిన ప్రతి బ్యాచ్‌లోనూ ఇదే చూస్తున్నాను. ఉద్యోగ వివరాలు రాసే సర్వీస్ రిజిస్టర్ తెరవకముందే ఈఎంఐ మొదలవుతుంది!

ఐదేళ్లకు 12 శాతంతో 8 లక్షలంటే నెలకు దాదాపు 17,800. జీతంలో మూడో వంతు. కొత్తలో ఉద్యోగి ఐడీ, పెన్షన్ ఖాతాకిచ్చే ప్రాన్ నంబరు వచ్చేదాకా జీతం బిల్లు కదలక ఎలా గడిపారో అప్పుడే మరిచిపోయారా? రేపు అమ్మను ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే మీ ఖాతాలో ఎంతుంది? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. నెల ఖర్చు 25 వేలనుకుంటే, ఆరు నెలలకు లక్షన్నర పక్కన ఉండాలి. జీతం పడిన మర్నాడే 12,500 రికరింగ్ డిపాజిట్‌లోకి వెళ్లేలా పెట్టండి, ఏడాదిలో అయిపోతుంది. అది నిండేదాకా కారు, ప్లాటు, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) ఏదీ ఎత్తొద్దు.

బ్యాంకులో తీసుకుంటే 2 లక్షలే తీసుకోండి, అదీ నాన్న అప్పు తీర్చడానికే. ఇప్పుడు నెలకు 4 వేలు వడ్డీకే పోతోంది, అసలు అలాగే ఉంది. రెండేళ్లకు పెట్టుకుంటే వాయిదా 9,400 చిల్లర, అప్పు పూర్తిగా తీరుతుంది.

ఆ సార్ మంచివారే కావచ్చు. చీటీ పాడుకుని ఆయన కట్టకపోతే కంపెనీ చట్టప్రకారం మీ జీతం అటాచ్ చేయించొచ్చు, అంటే ఆ బాకీ మీ జీతంలోంచి కోత పడుతుంది. ఆ ఉత్తర్వు వచ్చేది మీ హెడ్మాస్టరు టేబుల్ మీదికే. మొహమాటంగా ఉంటే ‘ఇంట్లో ఒప్పుకోలేదు సార్’ అనండి, నా పేరు చెప్పినా సరే.

అమ్మానాన్నలు మీమీదే ఆధారపడితే కోటి రూపాయల టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బిచ్చే బీమా) తీసుకోండి. ప్రభుత్వ ఉద్యోగుల బీమా ఏపీజీఎల్ఐ ఒక్కటే చాలదు. రిటైర్మెంటుకు సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పెన్షన్)లో 10 శాతం పోతోంది కదా, ప్రస్తుతానికి అది చాలు.

అప్పు తీర్చే రోజు నాన్నతో మీరూ వెళ్లండి. ప్రామిసరీ నోటు చేతికి తీసుకునే బయటికి రండి. ఖాళీ చెక్కు ఇచ్చి ఉంటే అదీ అడగండి. కొంతే కడితే నోటు వెనక తేదీతో చెల్లు రాయించండి.