నోట్‌బుక్‌లతో పాప చేసేది గుమస్తా పని కాదన్నా

ప్రొద్దుటూరు నుంచి ఒక తండ్రి ప్రశ్న: "మా పాప బీటెక్ సీఎస్ఈ మూడో ఏడాది. ఎప్పుడు చూసినా జూపిటర్ నోట్‌బుక్‌లను డాక్యుమెంటేషన్ పేజీలుగా మారుస్తూ కూర్చుంటుంది. గుమస్తా పనిలా ఉంది. అప్పు చేసైనా ఫీజు కడతాను, అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సులో చేర్పించాలా? రెండూ పోల్చి చెప్పండి."

అన్నా, చుట్టాల పిల్లలకు ఉద్యోగాలొచ్చి మన పాపకు రాకపోతే ఎట్లా అన్నదే మీ టెన్షన్. కడప, అనంతపురం తల్లిదండ్రులు చాలామంది నన్ను అడిగేదీ ఇదే.

ముందు ఆ పనేమిటో వినండి. జూపిటర్ నోట్‌బుక్ అంటే కోడ్, దాని ఫలితం, వివరణ ఒకేచోట ఉండే ఫైల్. అందులో సెల్స్‌ని, అంటే కోడ్ ముక్కల్ని, ఏ వరసలోనైనా నడపొచ్చు, చెరిపేసిన సెల్‌లోని విలువ కూడా మెమరీలో ఉండిపోతుంది, అందుకే రాసినవాళ్ల ల్యాప్‌టాప్‌లో అంతా బాగున్నట్టే కనిపించి ఇంకొకరి దగ్గర ఎర్రర్ కొడుతుంది. జనం చదివే డాక్యుమెంటేషన్ కావాలంటే కెర్నల్‌ని (వెనకాల కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) రీస్టార్ట్ చేసినా పైనుంచి కిందదాకా తప్పు లేకుండా నడవాలి, లైబ్రరీ వెర్షన్లు రాసిపెట్టాలి, ఏ అవుట్‌పుట్ ఉంచాలో తేల్చాలి. పైగా నోట్‌బుక్ ఫైల్ లోపలంతా జేసన్ అనే డేటా ఫార్మాట్, ఒక్క గ్రాఫ్ మారినా, కోడ్ మార్పుల్ని నమోదు చేసే గిట్‌లో తేడా చూడటానికి తల నొప్పి పుడుతుంది. ఇవన్నీ దాటాకే స్ఫింక్స్, జూపిటర్ బుక్, క్వార్టో లాంటి ఏదో ఒక టూల్‌తో పేజీలు తయారుచేసి గిట్‌హబ్ పేజెస్‌లో వెబ్‌సైట్‌గా పెట్టడం. ఇది గుమస్తా పనా?

ఇక డేటా సైన్స్ కోర్సులంటే నాకు నమ్మకం తక్కువ. అందరికీ ప్రాక్టీసుకు అదే టైటానిక్ ఓడ ప్రయాణికుల డేటా, అదే 150 పూల ఐరిస్ డేటా, అదే సర్టిఫికెట్. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ ప్రాజెక్టులు చూసి చూసి విసిగిపోయారు. ఫ్రెషర్‌కు నేరుగా డేటా సైంటిస్ట్ ఉద్యోగం దొరకడం కష్టం, ఆ సంగతి ఫీజు కట్టించుకునేవాళ్లు చెప్పరు. అప్పు చేసైనా కడతానని రాశారే, ఒక్కసారైనా పాప పక్కన కూర్చుని "ఏం చేస్తున్నావమ్మా, చూపించు" అని అడిగారా? అడగకుండానే గుమస్తా పని అనేశారు. ఆ మాట పిల్లను ఎంత నొప్పిస్తుందో ఆలోచించండి.

అలాగని ఉత్త డాక్యుమెంటేషన్ ఉద్యోగాలు ఫ్రెషర్లకు బోలెడున్నాయని చెప్పను, తక్కువే. పాప డెవలపర్ ఉద్యోగాలకే ప్రయత్నించాలి, డేటా స్ట్రక్చర్స్, ఎస్‌క్యూఎల్ వదలకూడదు. కానీ తను చేసిన పని లింకు నొక్కితే కనిపిస్తుంది, అది చాలామంది దగ్గర ఉండదు. రెజ్యూమె పైభాగంలోనే ఆ లింకు పెట్టమనండి. ఫీజు డబ్బులో కొంచెం తీసి, ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీయే ఉంటే 16 చేయించండి.