పొద్దుటి టిఫిన్‌లో తెలుస్తుంది హోటల్ సంగతి

ఈ వారం ప్రశ్నలన్నీ హోటల్ తిండి మీదే. విశాఖలోనూ హైదరాబాదులోనూ పెద్ద హోటళ్ళ కిచెన్‌లలో, డైనింగ్ హాళ్ళలో పనిచేసి రిటైరైన ఫుడ్ అండ్ బెవరేజ్ మేనేజర్ గారి జవాబులివి.

ప్రశ్న: అన్నవరం కొండ కింద మాకు 24 గదుల లాడ్జి ఉంది. రంగులు వేయించి, ఏసీలు పెట్టించాం. అయినా రివ్యూల్లో "రూము ఓకే, తిండికి మాత్రం బయటికి పోవాలి" అనే రాస్తున్నారు. మా అబ్బాయి పెద్ద రెస్టారెంటు పెడదామంటాడు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక లాడ్జి యజమాని, అన్నవరం

జవాబు: మీ టెన్షన్‌లో అర్థం ఉంది. అబ్బాయి ఆలోచన మంచిదే, సైజే పెద్దది.

లెక్క వేసుకోండి. 24 గదుల్లో మామూలు రోజున పదహారు నిండాయనుకుందాం. గదికి ఇద్దరు చొప్పున ముప్ఫై చిల్లర మంది. వీళ్ళ కోసం తందూరీ, చైనీస్, బిర్యానీ అంటూ వంద ఐటమ్‌ల మెనూ కార్డు అచ్చు వేయించారనుకోండి. తందూరీకి ఒక మాస్టరు, చైనీస్‌కి ఇంకొకరు, పైన ఇద్దరు హెల్పర్లు. జీతాలు ఆగవు, సరుకు కదలదు. ఆర్డరు రాని పనీరు ఫ్రిజ్‌లో మూలుగుతుంది. పారేయడానికి మీకు మనసొప్పదు, పారేయమని చెప్పడానికి మాస్టరుకు ధైర్యం చాలదు. ఏదో ఒక రోజు ఎవరికో వడ్డిస్తారు. ఇప్పుడు వస్తున్న రివ్యూలే నయమనిపిస్తుంది అప్పుడు.

మీ దగ్గర దిగేవాళ్ళు రెండు రకాలు. సత్యదేవుడి వ్రతానికి వచ్చినవాళ్ళు, జాతీయ రహదారి మీద పోతూ రాత్రికి ఆగినవాళ్ళు. ఇద్దరి ఆకలి వేళలూ వేరు. వ్రతం చేసుకునే దంపతులు పొద్దున ఏమీ ముట్టరు. కొండ దిగి వచ్చేసరికి పదకొండో పన్నెండో అవుతుంది, ఆకలి నకనకలాడిపోతూంటుంది. సరిగ్గా ఆ వేళకే మన హోటళ్ళలో టిఫిన్ అయిపోయి, భోజనం మొదలుకాక, "ఇంకో గంట ఆగండి సార్" అంటారు. పట్టుచీర మడత నలగని కొత్త పెళ్ళికూతురు రిసెప్షన్ సోఫాలో కూర్చుని బిస్కెట్ ప్యాకెట్ చింపుకుంటూంటే చూడలేం. ఆ వేళకు ఉల్లి, వెల్లుల్లి లేకుండా పులిహోర, ముద్దపప్పు, చారు, దద్దోజనం సిద్ధంగా పెట్టండి. మీ ఊళ్ళో ఇంతకంటే తెలివైన వ్యాపారం నాకు తోచడం లేదు.

హైవే వాళ్ళు రాత్రి తొమ్మిదిన్నరకు దిగి, తెల్లవారి ఆరింటికే బండి తీస్తారు. వాళ్ళకు రాత్రి చపాతీ, ఒక కూర, పెరుగన్నం చాలు. పొద్దున ఆరింటికి ఫిల్టర్ కాఫీ, ఇడ్లీ ఉండాలి. ఎనిమిదింటికి మొదలయ్యే టిఫిన్ వాళ్ళకు ఎందుకూ పనికిరాదు. అన్నట్టు, వాళ్ళ కారు డ్రైవరును మరిచిపోకండి. అతనికి కడుపునిండా పెట్టి, పడుకోవడానికి ఒక మంచం చూపించండి. వచ్చే నెల ఇంకో కుటుంబాన్ని మీ గుమ్మం ముందు దింపేది అతనే.

టిఫిన్‌కు మూడు రకాలు చాలు. వాటిలో పెసరట్టు మాత్రం వదలకండి. ఆ పిండి పులవబెట్టేది కాదు, పులిస్తే రుచి పోయినట్టే. పొద్దున రుబ్బింది పొద్దునే అయిపోవాలి కాబట్టి వంటగదిలో ఎవరికీ నిలవ బుద్ధి పుట్టదు. నేను పనిచేసిన ఒక విశాఖ హోటల్లో బఫే చివర పెనం దగ్గర ఒక మాస్టరు ఉండేవారు. పెనం మీద నీళ్ళు చిలకరిస్తారు. చుయ్‌మనగానే సగానికి కోసిన ఉల్లిపాయతో నూనె రుద్ది, గరిటెడు పిండి నడిమధ్యన పోసి, గరిటె అడుగుతో ఒకే ఊపులో తిప్పుతారు. అంచు తనంతట తాను లేచేదాకా అట్లకాడ ముట్టరు. వెనక ఎంత క్యూ ఉన్నా సరే. అప్పుడు తలెత్తి, "ఉప్మా పెట్టమంటారా, ఒట్టిదే ఇమ్మంటారా?" అని అడుగుతారు. సముద్రం కనిపించే గదికి వేలు పోసి దిగినవాళ్ళు ఫీడ్‌బ్యాక్ కాగితం మీద సముద్రం ఊసెత్తరు, ఆయన అల్లం పచ్చడి గురించి రాస్తారు. మీ వ్రతం గెస్టుల కోసమైతే ఉల్లిపాయ మానేసి గుడ్డతో రుద్దించండి.

ధర విషయం. టిఫిన్ కలిపి గది అమ్మండి. మా ట్రేడ్‌లో దీన్ని సీపీ అంటాం, ఉత్త గది అయితే ఈపీ. సీపీలో పొద్దున ఎన్ని ప్లేట్లు కావాలో రాత్రే తెలిసిపోతుంది, వృథా తగ్గుతుంది. ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు తీసుకుని, ఆ 14 అంకెల నంబరు క్యాష్ కౌంటరు దగ్గర కనబడేలా పెట్టండి. ఏడాది ఇలా నడిపాక అబ్బాయి రెస్టారెంటు మాట మళ్ళీ ఎత్తితే అప్పుడు వినండి.

ప్రశ్న: విజయవాడలో పెళ్ళికి వెళ్ళి స్టార్ హోటల్లో దిగాం. పొద్దున బఫేలో నలభై రకాలు పెట్టారు గానీ ఇడ్లీ చెక్కలా ఉంది, సాంబారు గోరువెచ్చగా ఉంది. నిన్నటివి వేడి చేసి పెడతారంటారా? అలాంటి చోట ఏం తినాలి?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: నిన్నటివే కానక్కర్లేదమ్మా. ఆరింటికి దించిన ఇడ్లీ తొమ్మిదిన్నరకు మీ ప్లేట్లో పడి ఉంటుంది. బఫే మీద మెరిసే ఆ మూతపాత్రల కింద ఉండేది చిన్న మంట, పైన వేడినీళ్ళు. వండి పెట్టిన వేడిని కాసేపు నిలపడం వరకే వాటి పని. చల్లారింది తెచ్చి పోస్తే మళ్ళీ కాగదు. వేడి పదార్థం 60 డిగ్రీల పైన, చల్లనిది 5 డిగ్రీల లోపు ఉండాలన్నది మా వంటగదుల్లో మొదటి పాఠం. ఆ మధ్యలో గంటల తరబడి ఉంటే సూక్ష్మజీవులకు పండగే. సాంబారు మూత తీయగానే ఆవిరి మొహానికి కొట్టకపోతే దాని జోలికి వెళ్ళకండి.

పాత్ర ఎంత నిండుగా ఉందో కూడా చూడండి. నిండుగా కళకళలాడుతూ ఉంటే మంచి హోటల్ అనుకుంటాం. నేనైతే కొంచెం కొంచెం తెచ్చి, అయిపోగానే మళ్ళీ నింపే చోటును నమ్ముతాను. ఆఖరి అరగంటలో వెళ్ళకండి, అప్పుడు అడుగూ బొడుగూ ఒక పాత్రలోకి చేరతాయి. కొబ్బరి చట్నీ అన్నిటికంటే ముందు పాడవుతుంది, వాసన చూసి వేసుకోవడం నామోషీ ఏం కాదు. కోసి పెట్టిన పండ్ల కంటే అరటిపండు మేలు. దోసె, ఆమ్లెట్ వేసే పెనం దగ్గర క్యూ ఉంటుంది, ఉండనివ్వండి, అక్కడే నిలబడండి.

నలభై రకాలు పెట్టేది తినడానికి కాదు, ఫోటోకు. పది రకాలు బాగా పెట్టమని మేనేజ్‌మెంట్ మీటింగుల్లో నేను మొత్తుకునేవాణ్ణి. "పక్క హోటల్లో యాభై ఉన్నాయండీ" అనేవాళ్ళు.

ప్రశ్న: మెస్‌లో వంద, నూటయాభైకి దొరికే భోజనం రుచి, అంతకు అయిదారు రెట్లు తీసుకునే స్టార్ హోటల్ ఆంధ్రా భోజనానికి ఎందుకు రాదు?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పెద్ద హోటల్ వంటగది నడిచేది గ్రేవీల మీద. ఉల్లి టమాటాది ఒకటి, జీడిపప్పుతో తెల్లది ఒకటి, వెన్న టమాటాతో మఖనీ ఒకటి. పొద్దునే పెద్ద గిన్నెల్లో చేసి పెట్టుకుంటారు. మీరు ఏది ఆర్డరిచ్చినా వాటిలోంచి గరిటెడు తీసి, పనీరో కోడో వేసి, పావుగంటలో టేబుల్ మీదికి పంపుతారు. ఉత్తరాది కూరలకు ఈ పద్ధతి అతికినట్టు సరిపోతుంది. మన గుత్తివంకాయను మఖనీలో ముంచితే అది ఎటూ కాకుండా పోతుంది. పులుసు పొద్దున కాచి మధ్యాహ్నం పోస్తేనే బాగుంటుంది. పప్పుకు పోపు తినబోయే ముందు పడాలి. గోంగూర ఏ రోజు పులుపు ఆ రోజుదే, దానికి కొలత కాగితం పనికిరాదు. ఇవేవీ ఆ పావుగంట లెక్కలో ఇమడవు.

మెస్ వాళ్ళకున్న గొప్ప వసతి ఏమిటంటే, మీరు ఏం తింటారో మిమ్మల్ని అడగరు. ఈ రోజు దొండకాయ వేపుడు, మామిడికాయ పప్పు, అంతే. అందరికీ అదే గనక అన్నం వాయిలు వాయిలుగా దిగుతూనే ఉంటుంది, పప్పు అయిపోతూనే ఉంటుంది. వడ్డించే మనిషి నేతి గిన్నెతో మీ వరస దగ్గరికి వచ్చేసరికి అన్నం ఇంకా పొగలు కక్కుతూ ఉంటుంది. స్టార్ హోటల్లో అదే భోజనం పన్నెండు చిన్న గిన్నెల్లో, ఒకేసారి, ఇత్తడి పళ్ళెంలో వస్తుంది. మీరు పప్పు కలుపుకుని తినేలోపు చారు చల్లారుతుంది. కందిపొడీ నెయ్యీ ముందు, పెరుగు చివర అనే వరస ఉన్నది అందుకే కదా. ఇత్తడి పళ్ళెం కొనే డబ్బుతో ఇద్దరు వడ్డన మనుషుల్ని పెట్టుకోమని నా సలహా. ఆ మాట ఎవరూ వినలేదనుకోండి.

ప్రశ్న: బిల్లులో సర్వీస్ చార్జీ వేశారు, జీఎస్టీ 18 శాతం వేశారు, నీళ్ళ బాటిల్‌కు రెట్టింపు. ఏది న్యాయం?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సర్వీస్ చార్జీ మీ ఇష్టం. అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమనండి, తీయకపోతే 1915కు ఫోన్ చేయండి. జీఎస్టీ మామూలు రెస్టారెంట్లలో 5 శాతం, గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్ళలోని రెస్టారెంట్లలో 18 శాతం. కాబట్టి అది సరైనదే కావచ్చు. నీళ్ళ బాటిల్ సంగతిలో మనం ఓడిపోయాం. హోటళ్ళు ఎమ్మార్పీకి మించి తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మామూలు నీళ్ళు తెమ్మనండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ అయ్యాక హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతానంటోంది. అదీ కిచెన్‌లోనే పనిచేస్తుందట. బంధువులు నవ్వుతున్నారు.
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నవ్వనివ్వండి. వాళ్ళింట్లో పెళ్ళికి కేటరింగ్ వాడి డేటు దొరక్కపోతే మీ అమ్మాయికే ఫోన్ చేస్తారు. ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ అనే ప్రవేశ పరీక్ష రాస్తే హైదరాబాదులోని ఐహెచ్‌ఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్) లాంటి ప్రభుత్వ సంస్థల్లో మూడేళ్ళ డిగ్రీ చేయవచ్చు. వంట, వడ్డన, ఫ్రంట్ ఆఫీసు, హౌస్‌కీపింగ్ అన్నీ నేర్పుతారు.

పని మాత్రం కష్టం, దాచను. వేడిలో పది గంటలు నిలబడాలి. పండగనాడు అందరూ తింటారు, మనం వండుతాం. ఒకప్పుడు వంటగదులంటే తాగుడు, బూతులు, అరుపులు. 1890లో లండన్ సవాయ్ హోటల్ వంటశాల చేపట్టిన ఫ్రెంచ్ షెఫ్ ఎస్కోఫియే వాటిని నిషేధించాడు. ఎవరి పని ఏమిటో విడదీసి పటాలంలా నిలబెట్టాడు. సాస్‌కు ఒకరు, కాల్చడానికి ఒకరు, మిఠాయికి ఒకరు. ఈనాటికీ పెద్ద కిచెన్‌లు ఆ వరసలోనే నడుస్తున్నాయి. సవాయ్‌ని అప్పట్లో నడిపిన సీజర్ రిట్జ్, గది అద్దె కంటే ముందు డైనింగ్ హాలు పేరు పెంచాలనుకున్న మనిషి. ఈ ఇద్దరి జోడీ వల్లే లండన్ పెద్దింటి ఆడవాళ్ళు హోటల్‌కు వచ్చి భోంచేయడం ఫ్యాషనయింది. అమ్మాయిని ముందు సెలవుల్లో ఒక నెల ఏదైనా కేటరింగ్ వాళ్ళ దగ్గర ఉల్లిపాయలు తరగమనండి. అప్పటికీ ఉత్సాహం తగ్గకపోతే ఫీజు కట్టేయండి.

ప్రశ్న: తినే ముందు వంటగది చూస్తామని అడగవచ్చా?
– ఒక గృహిణి, అనంతపురం

జవాబు: భేషుగ్గా అడగవచ్చు. మీకు దగ్గర్లోని బెంగళూరులో 1924లో మొదలైన ఎంటీఆర్ (మావళ్ళి టిఫిన్ రూమ్స్) హోటల్ వాళ్ళు కస్టమర్లను పిలిచి మరీ వంటగది చూపించేవారు. దాన్ని నడిపిన యజ్ఞనారాయణ మయ్య 1951లో యూరప్ వెళ్ళి, అక్కడి హోటళ్ళ శుభ్రత చూసి వచ్చి, ఇక్కడ గిన్నెలను ఆవిరితో శుభ్రం చేయించారు. రద్దీ వేళ కాకుండా పదకొండు ప్రాంతంలో, లేదా సాయంత్రం అయిదింటికి అడిగితే చాలామంది చూపిస్తారు. నేల తళతళ చూసి మోసపోకండి. నూనె మూకుడులో నూనె నల్లగా చిక్కబడి ఉందేమో, ఫ్రిజ్‌లో పచ్చి మాంసం కింది అరలో పెట్టారా, వండిన కూర మీద పెట్టారా చూడండి. తరవాత చేతులు కడుక్కునే సింకు. అక్కడ సబ్బు ఎండిపోయి బీటలు తీసి ఉంటే కాఫీ కూడా తాగకుండా వచ్చేయండి.