టెక్ సందేహాలు: పాత కారు పొద్దున్నే స్టార్ట్ కావట్లేదు, ఐడిల్‌లో ఊగుతోంది. ఏ సెన్సర్ మార్చాలి?

ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు ఈసారి పక్కన పెడుతున్నాను. పాత కార్లకు బ్లూటూత్ స్కానర్లు తగిలించి, యాప్‌లో కనిపించిన కోడ్ పట్టుకుని రాస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది అప్పటికే రెండు మూడు పార్టులు మార్చేసి, డబ్బు పోగొట్టుకున్నాక రాస్తున్నారు. అది చూస్తే బాధగా ఉంటుంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ప్రశ్న: సర్, నాది పదహారేళ్ల పెట్రోల్ కారు. పొద్దున మూడు నాలుగుసార్లు సెల్ఫ్ కొడితే గానీ స్టార్ట్ కాదు. స్టార్ట్ అయ్యాక ఐడిల్‌లో ఊగుతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ కూడా వణుకుతుంది. ప్లగ్గులు మార్చాను, బ్యాటరీ మార్చాను. స్కానర్ పెట్టి చూస్తే పీ0171 వస్తోంది. యాప్‌లో ఆక్సిజన్ సెన్సర్ మార్చమని ఉంది. మార్చేయనా?

జవాబు: వద్దండీ, ఇప్పుడే మార్చకండి. పీ0171 అంటే మొదటి బ్యాంకులో (ఒక వరుస సిలిండర్లలో) మిశ్రమం పలచగా ఉంది, అంటే పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అని. అంతకు మించి అందులో ఏమీ లేదు. పలచబడిందన్న కబురు ఈసీయూకి, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కి, మోసుకొచ్చింది ఆ ఆక్సిజన్ సెన్సరే, కాబట్టి చాలాసార్లు అది తన పని సరిగ్గా చేస్తున్నట్టే లెక్క. దాన్ని మార్చితే కొత్త సెన్సర్ కూడా అదే కబురు చెబుతుంది, మీరు మళ్లీ మొదటికొస్తారు.

మీ స్కానర్‌లో కోడ్ కంటే విలువైనది లైవ్ డేటా. అందులో షార్ట్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు అంకెలు ఉంటాయి. పెట్రోల్ ఒక పాలుకు గాలి సుమారు 14.7 పాళ్లు ఉండాలని ఈసీయూ చూస్తుంది, ఆ లెక్క తప్పినప్పుడు తను ఎంత శాతం పెట్రోల్ పెంచిందో, తగ్గించిందో ఈ అంకెలు చెబుతాయి. రెండూ కూడితే 10 శాతం లోపు ఉంటే కంగారు పడక్కర్లేదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక చూడండి, ఎందుకంటే చల్లగా ఉన్నప్పుడు ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ మాట వినదు, ముందే రాసిపెట్టుకున్న లెక్క ప్రకారం పెట్రోల్ వదులుతుంది. ముందు ఐడిల్‌లో ఒక నిమిషం చూసి రాసుకోండి, తర్వాత 2,500 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పట్టుకుని ఇంకో నిమిషం చూసి రాసుకోండి.

ఐడిల్‌లో 20 శాతం పైన ఉండి, 2,500 దగ్గర దాదాపు మామూలు స్థాయికి పడిపోతే, ఇంజిన్ ఎక్కడో దొంగగాలి పీలుస్తోంది. ఐడిల్‌లో థ్రాటిల్ (గాలి దారిలో ఉండే మూత) దాదాపు మూసుకుని ఉంటుంది, లోపలికి వెళ్లే గాలే తక్కువ, మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో) పీల్పు మాత్రం బలంగా ఉంటుంది. అప్పుడు చిన్న చీలికలోంచి వచ్చే గాలి కూడా మొత్తంలో పెద్ద వాటా అవుతుంది. రేజ్ చేస్తే లోపలికి వెళ్లే గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఆ చీలిక వాటా లెక్కలోకి రాకుండా పోతుంది. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు కాబట్టి అసలే ఎక్కువ పెట్రోల్ కావాలి, దానికి ఈ గాలి తోడైతే పొద్దున్నే మొండికేయడంలో ఆశ్చర్యం లేదు.

దీనికి విరుద్ధంగా, ఐడిల్‌లో బాగానే ఉండి, రేజ్ చేసినప్పుడో లోడు మీదో ట్రిమ్ పెరుగుతూ పోతుంటే లీకు వెతకకండి. ఫ్యూయల్ పంపు బలహీనపడిందా, ఫిల్టర్ పూడిపోయిందా, మాఫ్ సెన్సర్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచేది) తీగకు మురికి పట్టిందా అని చూడాలి. మాఫ్ సెన్సర్‌ను దాని కోసం అమ్మే స్ప్రేతోనే కడగాలి, బట్ట పెట్టి తుడిస్తే ఆ సన్నటి తీగ తెగిపోతుంది. ఇంకో మాట, మీ కారుకు మాఫ్ బదులు మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్ ఒత్తిడిని కొలిచేది) ఒక్కటే ఉంటే లీకు వేరేలా బయటపడుతుంది: లోపలికొచ్చిన దొంగగాలిని కూడా అది ఒత్తిడి రూపంలో కొలిచేసి పెట్రోల్ వదిలేస్తుంది, అప్పుడు ట్రిమ్ పెద్దగా మారదు, ఐడిల్ పైకి పోతుంది లేదా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది.

లీకు ఎక్కడుందో పట్టుకోవడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి చాలా సులువు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా సన్నటి వ్యాక్యూమ్ గొట్టాలను ఒక్కొక్కటిగా, మెత్తటి ముక్కున్న ప్లయర్‌తో మెల్లగా నొక్కి పట్టండి. ఏది నొక్కితే ఇంజిన్ ఒక్కసారిగా కుదుటపడుతుందో లీకు ఆ దారిలో ఉంది. బాగా ఎండిపోయి పెళుసెక్కిన గొట్టాలను నొక్కితే అక్కడికక్కడే చిట్లుతాయి, అవి ఎలాగూ మార్చాల్సినవే. బ్రేక్ బూస్టర్ గొట్టం, పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ మానిఫోల్డ్‌లోకి పంపేది) గొట్టం, ఎయిర్ ఫిల్టర్ నుంచి థ్రాటిల్‌కు వెళ్లే ముడతల రబ్బరు గొట్టం, ఈ మూడూ ముందు చూడండి. ఆ ముడతల గొట్టాన్ని విప్పి వంచి చూడాలి. నా పాత కారుకు నెలల తరబడి ఇదే బాధ, పైనుంచి చూస్తే గొట్టం నిక్షేపంగా ఉండేది, విప్పి వంచితే అడుగున ముడతల మధ్య వేలెడంత చీలిక నోరు తెరిచింది. అప్పటికి నేను మార్చిన ఇగ్నిషన్ కాయిళ్లు ఇంకా అల్మరాలో ఉన్నాయి, వాటిలో ఏ లోపమూ లేదు. కొందరు కార్బ్ క్లీనర్ కొట్టి ఐడిల్ మారుతుందేమో చూస్తారు. అది మండే ద్రవం, వేడి ఎగ్జాస్ట్ పక్కన దాంతో ఆటలొద్దు. మెకానిక్ దగ్గర స్మోక్ మెషిన్ ఉంటే పొగ పంపించి పది నిమిషాల్లో చూపిస్తాడు.

గొట్టాల పని అయ్యాక ఒక పొద్దున ఇంకో పరీక్ష చేయండి. రాత్రంతా నిలిపి ఉంచిన కారుకు, సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్‌లో పెట్టి, యాప్‌లో కూలెంట్ టెంపరేచర్, ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ చూడండి. రెండూ బయటి వాతావరణానికి దగ్గరగా, ఒకదానికొకటి కొద్ది డిగ్రీల తేడాలో ఉండాలి. కూలెంట్ 70, 80 డిగ్రీలని చూపిస్తే ఈసీయూ ఇంజిన్ వేడిగా ఉందనుకుని పెట్రోల్ తగ్గించేస్తోంది. మైనస్ 40 అని చూపిస్తే ఎక్కువగా సెన్సర్ వైరో, కనెక్టరో ఊడిపోయి ఉంటుంది. డబ్బు ఖర్చు లేని పరీక్ష ఇది, అయినా దీన్ని చేసేవాళ్లు అరుదు.

బ్యాటరీ మార్చారు, సరే. కానీ పాత కారులో ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టి ఉంటే కొత్త బ్యాటరీ కూడా ఏమీ చేయలేదు. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొన ఇంజిన్ లోహం మీద పెట్టి ఎవరితోనైనా సెల్ఫ్ కొట్టించండి. 0.5 వోల్టు దాటితే ఆ పట్టీ, బోల్టులు విప్పి శుభ్రం చేయాల్సిందే. బ్యాటరీ కూడా ఆ సమయంలో 9.6 వోల్టుల కంటే కిందికి పడకూడదు.

ప్రశ్న: మా కారు పొద్దున ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది. పెట్రోల్ కొట్టించాక మాత్రం స్టార్ట్ కాదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుంటే ఊగుతూ లేస్తుంది, పెట్రోల్ వాసన వస్తుంది. కోడ్ ఏమీ లేదు.

జవాబు: మీరు చాలా చక్కగా గమనించారు, సగం పని మీరే చేసేశారు. ట్యాంకు నింపాక మాత్రమే వస్తోందంటే ముందుగా ఈవాప్ పర్జ్ వాల్వును అనుమానించాలి. ట్యాంకులో పుట్టే పెట్రోల్ ఆవిరిని ఒక బొగ్గు డబ్బా పట్టి ఉంచుతుంది, పర్జ్ వాల్వు దాన్ని ఈసీయూ చెప్పినప్పుడే ఇంజిన్‌లోకి వదలాలి. అది తెరుచుకుని ఇరుక్కుపోతే, ట్యాంకు నింపినప్పుడు ఎగసిన ఆవిరంతా మానిఫోల్డ్‌లో చేరి కూర్చుంటుంది, సెల్ఫ్ కొడితే మిశ్రమం మరీ చిక్కనైపోతుంది. పెడల్ మొత్తం తొక్కితే గాలి ఎక్కువ వెళ్తుంది, చాలా కార్లలో ఈసీయూ ఇంజెక్టర్లను కూడా ఆపేస్తుంది, అందుకే అప్పుడు లేస్తోంది. వాల్వు విప్పి, కరెంటు కనెక్షన్ లేకుండా చిన్న గొట్టం పెట్టి ఊదండి. గాలి అవతలికి పోకూడదు. పోతే మార్చేయండి.

మీలాగే వేడిమీద మొండికేసేవి ఇంకో రెండు ఉన్నాయి, వాటికి పెట్రోల్ బంకుతో సంబంధం ఉండదు. అరగంట ఆపి మళ్లీ తీసినప్పుడు ఇబ్బంది పెడితే, తాళం ఆన్‌లో రెండు మూడు సెకన్లు ఉంచి తీసేయండి, అలా మూడుసార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. వెంటనే లేస్తే, ఆగి ఉన్నప్పుడు పెట్రోల్ లైనులో ఒత్తిడి జారిపోతోందని అర్థం: పంపు చెక్ వాల్వు, లేదంటే కారుతున్న ఇంజెక్టర్. అలా చేసినా లేవకపోతే, సెల్ఫ్ తిరుగుతుండగా యాప్‌లో ఆర్‌పీఎం చూడండి. ఇంజిన్ తిరుగుతున్నా సున్నా అనే చూపిస్తూ, చల్లారాక మామూలుగా స్టార్ట్ అయితే క్రాంక్ సెన్సరో (ఇంజిన్ తిరగడాన్ని ఈసీయూకి చెప్పేది), దాని వైరో అయ్యుండొచ్చు.

ప్రశ్న: నా కారు కార్బొరేటర్‌ది. ఓబీడీ పోర్టే (స్కానర్ తగిలించే సాకెట్) లేదు. నాలాంటివాళ్లు ఏం చేయాలి?

జవాబు: ఓబీడీ రెండో తరం అమెరికాలో 1996 మోడళ్ల నుంచి తప్పనిసరైంది, ఐరోపాలో పెట్రోల్ కార్లకు 2001 నుంచి. అంతకు ముందు తరాలు ఇంజిన్ రోగాన్ని మానిఫోల్డ్ పీల్పును కొలిచే వ్యాక్యూమ్ గేజ్‌తోనే పట్టేవి, అది ఇప్పటికీ దొరుకుతుంది, నా దృష్టిలో పాత కారు ఉన్నవాళ్లు కొనాల్సిన మొదటి పరికరం అదే. మానిఫోల్డ్‌కు తగిలించి ఐడిల్‌లో చూడండి. సముద్రమట్టానికి దగ్గరి ఊళ్లలో ముల్లు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) మధ్య కదలకుండా నిలబడాలి, ఎత్తు ప్రదేశాల్లో కొంచెం తగ్గుతుంది. కదలకుండానే బాగా కింద ఉంటే గాలి లీకు, లేదా టైమింగ్ వెనకబడడం. ముల్లు ఒకే లయలో పడి లేస్తుంటే ఒక సిలిండర్‌లో వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదు, అప్పుడు కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూపించాలి. సిలిండర్ల మధ్య తేడా 15 శాతం దాటితే కార్బొరేటర్ ఎంత సరిచేసినా ఐడిల్ కుదరదు. ఇవన్నీ బాగుంటే ఐడిల్ జెట్ పూడిందేమో, చోక్ పూర్తిగా మూసుకుంటోందో లేదో చూడండి. చీకటిపడ్డాక బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైర్లను ఫోన్‌తో వీడియో తీయండి, చేయి మాత్రం పెట్టకండి. నీలి మెరుపులు పాకుతూ కనిపిస్తే వైర్లు మార్చాలి.

ప్రశ్న: ఐడిల్‌లో క్యాబిన్ అంతా వణుకుతోంది, కానీ ఆర్‌పీఎం 750 దగ్గర కదలట్లేదు. మిస్‌ఫైర్ (సిలిండర్ మండకపోవడం) కోడ్ లేదు.

జవాబు: ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) చూపించండి. ఆటోమేటిక్ కారైతే, గేరు వేసి బ్రేక్ మీద ఉన్నప్పుడు వణుకు పెరిగి, న్యూట్రల్‌లో తగ్గితే మౌంట్ల మీద అనుమానం ఇంకా బలపడుతుంది.

ప్రశ్న: ఐఫోన్‌కు నా బ్లూటూత్ అడాప్టర్ కలవట్లేదు. పాడైందా?

జవాబు: పాడై ఉండకపోవచ్చు. పాత రకం బ్లూటూత్‌తో వచ్చే చౌక ఈఎల్‌ఎం327 (ఈ స్కానర్లలో వాడే చిప్) నకళ్లు ఆండ్రాయిడ్‌తో కలుస్తాయి గానీ ఐఫోన్ యాప్‌లతో పనిచేయవు. బ్లూటూత్ లో ఎనర్జీ ఉన్నదో, వైఫై ఉన్నదో తీసుకోండి. ఏది కొన్నా పని కాగానే పోర్టు నుంచి తీసేయండి, రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీని కొంచెం కొంచెంగా తాగేస్తుంది. కోడ్ చెరిపే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోండి. తప్పు జరిగిన క్షణంలో ఇంజిన్ ఎంత వేడిగా ఉందో, ఎంత ఆర్‌పీఎంలో ఉందో అందులో ఉంటుంది, చెరిపితే కోడ్‌తో పాటు అదీ పోతుంది. మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు ముందు ఆ పేజీ చూపించండి.