సమాధానం: కాల్డెకాట్ మెడల్ వచ్చిన పుస్తకం మా అయిదేళ్ల పాపకి రెండు నిమిషాల్లో బోరు కొడుతోంది

మీరు అక్షరాలు మాత్రమే చదివేస్తున్నట్టున్నారు. కాల్డెకాట్ అంటే పిల్లల బొమ్మల పుస్తకాలకి అమెరికాలో ఇచ్చే బహుమతి. అది ఇచ్చేది కథకి కాదు, బొమ్మలు వేసినవాళ్లకి. మీరు కొన్న ‘వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్’ (1964 మెడల్)లో మాటలు మూడున్నర వందలు కూడా ఉండవు. గబగబా చదివితే రెండు నిమిషాలే మరి.

ఇవాళ ఇలా చేసి చూడండి:

1. మొదటిసారి చదవకండి. అట్ట లోపలి పేజీలతో సహా బొమ్మలే చూడండి.

2. అందరూ వదిలేసేది ఇదే: పేజీ తిప్పే పని పాపకివ్వండి, మీరు వేలు పెట్టి చూపించకండి.
కథలోని పిల్లాడు మాక్స్ కుక్కని తరిమే పేజీలో గోడ మీద వాడే గీసిన రాక్షసుడి బొమ్మ ఉంటుంది. అది తనకే దొరకాలి.
మొదట్లో తెల్లటి అంచుల మధ్య చిన్నగా ఉన్న బొమ్మ, మాక్స్ గది అడవిగా మారేకొద్దీ పెరిగి పేజీ అంతా నిండుతుంది. రాక్షసుల గంతులున్న మూడు జంట పేజీల్లో ఒక్క మాటా ఉండదు. అక్కడ మీరూ నోరు కట్టేసుకోవాలి (కష్టమే!).
గదిలోంచి కనిపించే చంద్రుడు మొదట్లో ఎలా ఉన్నాడు, చివర్లో ఎలా ఉన్నాడు అని మాత్రం అడగొచ్చు.

3. మాటలు రెండోసారికి. తెలుగులో చెప్పినా పర్లేదు.

ఆఖరి పేజీలో బొమ్మ లేకపోవడం అచ్చుతప్పు కాదు, కావాలనే అలా వదిలారు.

ఇంకోటి కొనేటప్పుడు అట్ట మీది ముద్ర చూడండి: బంగారు రంగుది మెడల్, వెండి రంగుది ఆనర్ (మెడల్ తర్వాతి గుర్తింపు). వెండివి కూడా తీసిపారేసేవేం కావు.