ఆ గులాబీ హబ్

అమ్మలూ,

సుల్తాన్‌పూర్ మెడికల్ డివైసెస్ పార్కులో మీ లైనుకి, అదిరే గిన్నెలోంచి పార్టుల్ని ఒక్కొక్కటిగా సరైన దిశలో అందించే బౌల్ ఫీడరూ, రోబో చెయ్యీ పెట్టించే పని నీ మీద పడిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వమో టెన్షనో, రాత్రి నిద్ర పట్టలేదు. "అదింకా చిన్నపిల్లా?" అని మీ అత్తయ్య అటు తిరిగి పడుకుంది.

ట్రయల్‌కి నీ పార్టులే పట్టుకెళ్లు, సప్లయర్ శాంపిళ్లు నమ్మకు. ప్లాస్టిక్ పార్టులు బౌల్లో రాసుకుంటే పొడి రాలుతుంది, స్టాటిక్ పట్టి అతుక్కుంటాయి. లోపల పాలియురెథేన్ పూత వేయించు, అయొనైజర్ పెట్టించు. మెషిన్ బిగింపు, నడక, పనితీరు సరిగ్గా ఉన్నాయని రుజువు చేసే ఐక్యూ, ఓక్యూ, పీక్యూ పరీక్షల సంగతి నీకు నేను చెప్పాలా!

నా భయమంతా లాట్, అంటే ఒక విడత సరుకు, మారేటప్పుడే.

నేను సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే ఐవీ కాన్యులాల ఫ్యాక్టరీలో ఉండగా, ఎనిమిది మంది అమ్మాయిలు చేత్తో పెట్టే హబ్బుల (గొట్టం వెనక ఉండే రంగు ప్లాస్టిక్ ముక్కల) పనికి ఫీడర్ తెచ్చాం. ఒకరోజు 20 గేజ్ గులాబీ లాట్ అయిపోయి 22 గేజ్ నీలం ఎక్కాలి. గేజ్ అంటే గొట్టం లావు కొలత. మా దగ్గర హబ్ అచ్చు ఒకటే, రంగే వేరు. బౌల్ ఖాళీ చేయించి, పైనుంచి తొంగిచూసి, పాత లాట్ ముక్క ఏదీ మిగల్లేదని చెప్పే లైన్ క్లియరెన్స్ కాగితం మీద సంతకం గీకేశాను. టీ టైమైంది మరి! ట్రాక్ మీంచి జారిన పార్టులు మళ్లీ బౌల్లో పడే చోట, పెదవిలాంటి వంపు కింద, ఒక గులాబీ హబ్ ఇరుక్కుని ఉంది. మూడు గంటలు అదిరి అదిరి బయటికొచ్చింది. ఫీడర్‌కి రంగుతో పనేముంది? దిశ కుదిరింది, దానికి 22 గొట్టం తగిలి ముందుకెళ్లిపోయింది.

ప్యాకింగ్‌కి మార్చిన అమ్మాయే పట్టుకుంది. అరచేతిలో పెట్టుకొచ్చి, "సార్, ఇది మనదేనా?" అంది. వార్డులో నర్సు సైజు గుర్తుపట్టేది ఆ రంగు చూసే కదా. లాట్ మొత్తం ఆపేసి రెండు రోజులు ఒక్కొక్కటీ తిరగేశాం. నన్నెవరూ ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. రంగు వేరు కాబట్టి దొరికింది. రెండు లాట్లూ నీలమే అయ్యుంటే?

అందుకే బౌల్ సులువుగా విప్పేలా అడుగు. వంపుల కింద టార్చి, చిన్న అద్దం పెట్టి నువ్వే చూడు. పోసినవెన్ని, వచ్చినవెన్ని, రిజెక్టులెన్ని లెక్క తేలకపోతే సంతకం పెట్టకు, మేనేజర్ గంతులేసినా సరే. చేత్తో చేసిన ఆ పిల్లల్ని ఇంకో బ్లాకుకి పంపనివ్వకు, ఇన్‌స్పెక్షన్‌లో కూర్చోబెట్టించు.

ఇంకోటి. పార్టు ఇరుక్కుంటే మెషిన్ ఆపకుండా వేలు పెట్టకు. గ్రైండర్ తిరుగుతుండగానే పిండి తోసేదానివి, మొద్దు పిల్లా, ఎన్నిసార్లు అరిచానో గుర్తుందా?

మొదటి రన్ అయ్యాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. మెలకువగానే ఉంటాను.

మీ మామయ్య